రమ్మన్నారు సరే, ఆధార్ ఎందుకు?

పేరు రాయొద్దని కోరిన ఒక పాఠకురాలి ఉత్తరం ఇది. పెద్దదిగా ఉంది కాబట్టి ముఖ్యమైన సంగతులు పోకుండా కుదించాను.

ఆమెకు ముప్పై ఎనిమిదేళ్లు. ఒక డయాగ్నస్టిక్ సెంటర్లో ల్యాబ్ టెక్నీషియన్. ఎనిమిదో తరగతి చదువుతున్న కూతురితో అద్దె ఇంట్లో ఉంటున్నారు. పన్నెండేళ్ల కిందట, భర్త కొట్టే దెబ్బలకు తట్టుకోలేక ఎనిమిది నెలల పాపను ఎత్తుకుని రాత్రి బస్సెక్కి, తెల్లారేసరికి పుట్టింటి ముందు నిలబడ్డారు. నాన్న వరండా గ్రిల్ తాళం తీయలేదు. 'ఇప్పుడు నువ్వొచ్చి ఇంట్లో కూర్చుంటే చెల్లి పెళ్లి ఆగిపోతుంది. ఎలాగోలా సర్దుకుపో' అని కమ్మీల అవతల నుంచే చెప్పి లోపలికి వెళ్లిపోయారు. తర్వాత అమ్మ వచ్చి పాల సీసా, ఒక తువ్వాలు కమ్మీల మధ్య నుంచి అందించింది. సీసా అడ్డంగా పట్టకపోతే నిలువుగా తిప్పి ఇచ్చిందట. తాళంచెవి ఆవిడ కొంగుకే ఉంది. ఈ మాట ఉత్తరంలో రెండుసార్లు రాశారు.

ఆ తర్వాత స్నేహితురాలి హాస్టల్ గది, ఉద్యోగం, పరస్పర అంగీకారంతో విడాకులు. చెల్లి పెళ్లి శుభలేఖలో పెద్దమ్మాయి పేరు లేదు. చాలా ఏళ్లకు అమ్మ ఫోన్ చేయడం మొదలుపెట్టింది, నాన్న ఇంట్లో లేనప్పుడు మాత్రమే.

నాలుగు నెలల కిందట నాన్నకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి, మాట స్పష్టంగా రావడం లేదు. మొన్న తమ్ముడు ఫోన్ చేశాడు. 'నాన్న నీ పేరే పలవరిస్తున్నాడక్కా. ఫోన్లో నీ ఫొటో చూపిస్తే ఏడ్చేశాడు. ఒకసారి రా' అన్నాడు. ఆమెకు ఏడుపు ఆగలేదు. ఫోన్ పెట్టేసే ముందు, 'వచ్చేటప్పుడు ఆధార్, పాన్, నాలుగు పాస్‌పోర్ట్ సైజు ఫొటోలు తెచ్చుకో. తాతయ్య పొలం బేరం కుదిరింది. ఎలాగూ వస్తున్నావు కదా, సంతకం పెట్టేసి వెళ్దువుగాని' అన్నాడు. మర్నాడు అమ్మ ఫోన్. 'మేడ మీద వాటా ఖాళీగానే ఉంది. పిల్లని తీసుకుని వచ్చేయ్. మీ నాన్నను చూసుకోవడానికి మనిషి దొరకడం లేదు. పాతవన్నీ తవ్వుకోవద్దు.'

ఆమె ప్రశ్న: "వెళ్తే నా పరువు నేనే తీసుకున్నట్టా? వెళ్లకపోతే, రేపు ఆయన పోతే, నన్ను నేను క్షమించుకోగలనా?"

*

మీరు వెళ్లాలా వద్దా అని ఒకే ప్రశ్న అడిగారు. వాళ్లు మాత్రం మిమ్మల్ని నాలుగు అడుగుతున్నారు. వచ్చి చూడమంటున్నారు, సంతకం పెట్టమంటున్నారు, ఉండిపోయి సేవ చేయమంటున్నారు, జరిగినదాన్ని మర్చిపొమ్మంటున్నారు. నాలుగూ ఒక్క 'రా' అన్న మాటలో చుట్టి ఇచ్చేసరికి మీకు ఊపిరాడటం లేదు. ఒకదానికి సరే అంటే మిగతా మూడింటికీ తలూపినట్టేనని మీరు భయపడుతున్నారు. అలా ఏమీ లేదు. నాన్నను చూసి రావచ్చు, సంతకం పెట్టకపోవచ్చు. సంతకం పెట్టి, ఆ ఇంటి గడప ఎప్పటికీ తొక్కకపోవచ్చు. దేనికి దానికి విడిగా జవాబు చెప్పే హక్కు మీకుంది, విడివిడిగా టైమ్ తీసుకునే హక్కు కూడా.

సంతకం సంగతి ముందు మాట్లాడుకుందాం. మిగతావన్నీ తర్వాత సరిచేసుకోవచ్చు, రిజిస్ట్రార్ ఆఫీసులో పెట్టిన సంతకాన్ని వెనక్కి తీసుకోవడం మాత్రం చాలా కష్టం.

మీది హిందూ కుటుంబమని ఉత్తరాన్ని బట్టి అనుకుని రాస్తున్నాను. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీ రామారావు ప్రభుత్వ కాలంలోనే, 1985 సెప్టెంబర్ 5 నుంచి వర్తించేలా, అప్పటికి పెళ్లి కాని ఆడపిల్లలకు పిత్రార్జితంలో కొడుకులతో సమానంగా హక్కు ఇస్తూ సవరణ వచ్చింది. 2005 సెప్టెంబర్ 9 నుంచి దేశమంతటా హిందూ వారసత్వ చట్టం ప్రకారం కూతురికి, పెళ్లయినా కాకపోయినా, పుట్టుకతోనే ఆ హక్కు ఉంది. 2020 ఆగస్టులో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు దీన్ని మరింత గట్టిగా చెప్పింది. ఇంట్లోకి రానివ్వకపోయినా, శుభలేఖలో పేరు తీసేసినా, 'మాకూ దానికీ సంబంధం లేదు' అని పేపర్లో ప్రకటన వేయించినా ఆ హక్కు పోదు. 'నీ పెళ్లికి కట్నం ఇచ్చాం కదా, అదే నీ వాటా' అని ఎవరైనా అంటే, ఆ లెక్క పెద్దమనుషుల పంచాయతీలో చెల్లుతుందేమో గాని చట్టంలో చెల్లదు.

అయితే ఒక మెలిక ఉంది. తాతగారి పొలం అన్నంత మాత్రాన అది పిత్రార్జితం అయిపోదు. ఆయనకు తన తండ్రి నుంచి వచ్చి, పంపకాలు కాకుండా మీ నాన్న దాకా దిగిన భూమి అయితే తమ్ముడికి ఎంతో మీకూ అంతే. అలా కాకుండా తాతగారు సొంతంగా కొని, వీలునామా రాయకుండా 1956 తర్వాత చనిపోయి ఉంటే, మీ నాన్నకు వచ్చిన భాగం ఆయన సొంత ఆస్తి కిందే లెక్కకొస్తుంది. దాన్ని ఆయన బతికుండగా ఎవరినీ అడక్కుండా అమ్ముకోవచ్చు. మధ్యలో 2004 డిసెంబర్ 20కి ముందే రిజిస్టర్ అయిన పంపకాలు ఉంటే లెక్క ఇంకోలా ఉంటుంది. కొనేవాళ్లు మీ సంతకం అడుగుతున్నారంటే, మీకు హక్కుందని వాళ్ల లాయర్ అనుకుని ఉండవచ్చు, లేదా ఎందుకైనా మంచిదని ఆడపిల్లలందరి సంతకాలూ అడిగి ఉండవచ్చు. ఏది నిజమో తమ్ముడి మాట మీద కాదు, కాగితాల మీద తేలాలి. సర్వే నంబర్ అడిగి ఈసీ (ఆ భూమి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల వివరాలు చూపే పత్రం) తీయించండి. భూమి ఎవరి పేరు మీద, ఎవరి సాగులో ఉందో చెప్పే రెవెన్యూ రికార్డు, అంటే పాత పహాణీ లేదా ఆడంగల్ నకళ్లు చూడండి.

ఇక ఏ కాగితం మీద సంతకం అన్నది అన్నిటికంటే ముఖ్యం. మీరూ అమ్మేవాళ్లలో ఒకరిగా సేల్ డీడ్‌లో సంతకం పెడితే, మీ వాటా డబ్బు మీ బ్యాంకు ఖాతాకు రావాలి, ఆ మొత్తం అందులోనే రాసి ఉండాలి. రిలీజ్ డీడ్ అయితే మీ హక్కును వదిలేసుకుంటున్నట్టు. జీపీఏ అయితే మీ తరఫున సంతకాలు పెట్టే అధికారాన్ని ఇంకొకరి చేతిలో పెడుతున్నట్టు. 'ఫార్మాలిటీ అక్కా' అని మూడింటినీ ఒకే గొంతుతో చెప్తారు. ఒకసారి రిలీజ్ డీడ్ రిజిస్టర్ అయ్యాక అది మోసమనో బలవంతమనో మీరే కోర్టులో నిరూపించుకోవాలి, అదీ సంగతి తెలిసిన మూడేళ్లలోపు దావా వేసి. వదిలేసుకోవడం తప్పని నేను అనను. తమ్ముడికి ఇచ్చేయాలనిపిస్తే ఇచ్చేయండి, అది మీ ఇష్టం. ఎంత ఇస్తున్నారో తెలిసి, ఏడుపు తగ్గాక, వేరే రోజున ఇవ్వండి.

లాయర్‌కు డబ్బులు లేవని వెనకాడకండి. 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం ఆడవాళ్లకు, ఆదాయం ఎంతైనా సరే, ఉచిత న్యాయసాయం అందాలి. మీ జిల్లా కోర్టు ఆవరణలోనే న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది. 15100కు ఫోన్ చేసినా దారి చెప్తారు.

సంతకం పెట్టనంటే ఏమవుతుంది? బేరం తప్పిపోవచ్చు. 'నాన్న వైద్యానికి డబ్బు లేకుండా చేసింది' అన్న మాట బంధువులందరి దాకా వెళ్తుంది. నిజంగానే వైద్యానికి డబ్బు కావాల్సి ఉండవచ్చు కూడా. అందుకే ఉత్త 'పెట్టను' కంటే, 'కాగితాలు చూసి చెప్తాను, ఈలోపు మందులకు ఇంత పంపగలను' అన్నది మీకూ వాళ్లకూ మేలు. పంపగలిగితేనే సుమా.

మీ తమ్ముడి మీద నాకు కోపం వచ్చింది, ఎందుకు దాచుకోవాలి. కన్నీళ్లనూ ఫొటోలనూ ఒకే ఫోన్లో అడిగే మనిషి మీద ఎవరికైనా వస్తుంది. కానీ మీ ఉత్తరం మళ్లీ చదివితే, ఆ రోజున అతను ఇంజనీరింగ్ చదువుతూ హాస్టల్లో ఉన్నాడని రాశారు. గ్రిల్ దగ్గర లేడు. ఇప్పుడు నాలుగు నెలలుగా మంచం పట్టిన తండ్రిని లేపి కూర్చోబెడుతున్నది అతనే. నాన్న ఏడ్చిన సంగతి నిజం కావచ్చు, పొలం బేరమూ నిజం కావచ్చు. ఒకటి నిజమైతే రెండోది నాటకమని అనుకోనక్కర్లేదు. ఎంత మోతాదులో ఏది ఉందో తెలుసుకోవడానికి దారి ఒకటుంది, దానికి తర్వాత వస్తాను.

నాన్నగారి ఏడుపు గురించి ఒక మాట. మీరు ల్యాబ్‌లో పనిచేస్తున్నారు కాబట్టి డాక్టర్లను అడిగి నిర్ధారించుకోగలరు. పక్షవాతం వచ్చిన కొందరిలో ఏడుపూ నవ్వూ అదుపు తప్పుతాయి. టీవీలో ఏదో చూసినా, ఎవరైనా పలకరించినా బావురుమంటారు. కాబట్టి మీ ఫొటో చూసి ఏడ్చారన్న ఒక్క సంగతి మీద, ఆయన పశ్చాత్తాపంతో కుమిలిపోతున్నారని కథ అల్లుకోకండి. మీరు అనుకున్నట్టు లేకపోతే ఆ దెబ్బ రెండోసారి తగులుతుంది. అలాగని అది ఉత్త జబ్బే అని కొట్టిపారేయకండి కూడా. ఎదురుగా కూర్చుంటే తప్ప తెలియదు.

కుడి పక్క పడిపోయి మాట కూడా పోయిందంటే, మెదడులో భాషకు సంబంధించిన ఎడమ భాగం దెబ్బతిని ఉండవచ్చు. పన్నెండేళ్లుగా మీరు 'తప్పు చేశానమ్మా' అన్న మాట కోసం ఎదురుచూస్తున్నారు. అక్షరాల్లో రాయలేదు గాని ఉత్తరం నిండా అదే ఉంది. ఆ మాట ఆయన అనదలచుకున్నా ఇప్పుడు నోట పలకకపోవచ్చు. పక్షవాతం తర్వాత కోలుకోవడం మొదటి మూడు నుంచి ఆరు నెలల్లోనే ఎక్కువగా ఉంటుంది, స్పీచ్ థెరపీ ఇప్పిస్తున్నారో లేదో కనుక్కోండి. కానీ ఆ మాట మీద మీ మనశ్శాంతిని తాకట్టు పెట్టకండి. ఆయన నోటితో ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా జరిగింది అన్యాయమే. ఒంటి మీద దెబ్బలతో, చంటిబిడ్డతో వచ్చిన కూతురికి తలుపు తీయకపోవడాన్ని 'నలుగురూ ఏమంటారో' అన్న భయం వివరిస్తుందే తప్ప సమర్థించదు. ఆయన ఇప్పుడు మంచంలో ఉన్నారు కాబట్టి అప్పటి తప్పు చిన్నదైపోదు. అలాగే అప్పటి తప్పు వల్ల ఇప్పటి ఆయన బాధ అబద్ధమైపోదు.

మీకు నాన్న మీద కంటే అమ్మ మీద కోపం ఎక్కువగా ఉందని నాకు అనిపించింది. నాన్న గురించి మూడు వాక్యాల్లో తేల్చేశారు. కొంగున ఉన్న తాళంచెవి గురించి రెండుసార్లు రాశారు. ఆవిడ పాలు ఇచ్చింది, తాళం తీయలేదు. ప్రేమ ఉంది, ధైర్యం లేదు. ఇన్నేళ్లూ దొంగచాటుగా చేసిన ఫోన్లు కూడా అలాంటివే. 'పాతవి తవ్వుకోవద్దు' అన్నప్పుడు ఆవిడ కాపాడుకుంటున్నది మిమ్మల్నో నాన్ననో కాదు, తనని తాను. ఈ విషయంలో నేను ఆవిడ పక్షాన లేను. మర్చిపోవడం మీ వల్ల అయితే మర్చిపోండి, కానీ మర్చిపోయినట్టు నటించాలన్న షరతు మీద ఆ ఇంట్లోకి వెళ్లకండి. అలా వెళ్తే రోజూ నటించాలి. ఒక్కసారైనా, గొడవ పడకుండా, అమ్మతో ఒంటరిగా ఉన్నప్పుడు, 'ఆ రోజు తాళంచెవి నీ దగ్గరే ఉంది కదమ్మా' అని అనండి. జవాబు రాకపోవచ్చు. ఆవిడ ఏడవచ్చు, కోప్పడవచ్చు, లేచి వెళ్లిపోవచ్చు. ఆ మాట మీ ఇద్దరి మధ్య పైకి వచ్చిందా లేదా అన్నదాన్ని బట్టే తర్వాతి బంధం ఉంటుంది.

ఇప్పుడు మీ ముందున్న దారులు చూద్దాం.

వెళ్లకపోవడం ఒక దారి. అది కక్ష అని, పాపమని ఎవరు చెప్పినా నమ్మకండి. మీరు వెళ్లనంత మాత్రాన ఆస్తిలో హక్కు పోదు, అమ్మతో ఫోన్ బంధం కూడా బహుశా పోదు. కానీ ఈ దారి ఎంచుకుంటే ఒక పని ఇప్పుడే చేసిపెట్టుకోండి. నాన్న పోయారని కబురు వస్తే వెళ్తారా లేదా అన్నది ప్రశాంతంగా ఉన్నప్పుడే నిర్ణయించుకోండి. అర్ధరాత్రి ఫోన్ మోగినప్పుడు తీసుకునే నిర్ణయాలు తర్వాత ఎక్కువగా పీడిస్తాయి. 'నన్ను నేను క్షమించుకోగలనా' అన్నారు. వెళ్లకపోయినా, వెళ్లి వచ్చినా ఆయన పోయిన రోజున మీరు ఏడుస్తారు. అది దుఃఖం. దాన్ని తప్పు చేసినందుకు పడే శిక్ష అనుకోవద్దు.

రెండోది, ఒక్కపూటకు వెళ్లి చూసి రావడం. నన్ను అడిగితే మనసు ఇటే మొగ్గుతుంది. పాపను మొదటిసారి తీసుకెళ్లకండి. పన్నెండేళ్ల తర్వాత మొదటి గంట ఎలా గడుస్తుందో ఎవరికీ తెలియదు, ఆ పిల్ల ముందు మిమ్మల్ని ఎవరైనా ఒక మాట అంటే అది దానికి జీవితాంతం గుర్తుంటుంది. ఆ ఇంట్లో రాత్రి ఉండేలా కాకుండా, తిరుగు టికెట్ ముందే తీసుకుని వెళ్లండి. స్నేహితురాలు తోడొస్తే ఇంకా మంచిది. వెళ్లే ముందు తమ్ముడికి మెసేజ్ పెట్టండి: 'ఆదివారం నాన్నను చూడ్డానికి వస్తున్నాను. ఈసారి కాగితాల పని పెట్టుకోవడం లేదు. డ్రాఫ్ట్ వాట్సాప్‌లో పంపు, లాయర్‌కు చూపించి చెప్తాను.' ఇందాక తర్వాత వస్తానన్న దారి ఇదే. 'సరే అక్కా, నువ్వు రా ముందు' అంటే ఒక సంగతి తెలుస్తుంది. 'అయితే వచ్చే నెల రా' అంటే ఇంకో సంగతి తెలుస్తుంది. రెండోది అన్నా మీరు నాన్నను చూడాలనుకుంటే వెళ్లవచ్చు, ఆశలు తగ్గించుకుని. రైల్లో టీసీ గుర్తింపు కార్డు అడుగుతాడు కాబట్టి ఆధార్ తీసుకెళ్తే తీసుకెళ్లండి. అది మీ పర్సులోనే ఉండాలి, జిరాక్స్ ఎవరికీ ఇవ్వనక్కర్లేదు.

మూడోది మేడ మీద వాటా. అద్దె మిగులుతుంది, పాపకు అమ్మమ్మ ఉంటుంది, ఒంటరితనం కొంత తగ్గుతుంది. ఆ ఆశ మీలో ఉందని ఉత్తరంలోనే తెలుస్తోంది, అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. కానీ ఉద్యోగం మానేసి వెళ్తే, మీరు కూతురిగా కాకుండా జీతం లేని ఆయాగా మిగిలే ప్రమాదం ఉంది. ఆ వాటా నాన్న కట్టించిన ఇంట్లోది, ఆయన సొంత ఆస్తి. రేపు ఆయన వీలునామాలో అది తమ్ముడికి రాసి ఉంటే మీరు మళ్లీ వీధిలోకే. వీలునామా లేకపోతే అమ్మకూ మీ ముగ్గురికీ సమాన వాటాలు వస్తాయి. ఏది ఉందో తెలియకుండా పాప టీసీ తీసుకుని బయల్దేరకండి. ఒకవేళ వెళ్లాలనే అనుకుంటే బదిలీయో అక్కడ ఇంకో ల్యాబ్‌లో ఉద్యోగమో చూసుకున్నాకే వెళ్లండి, పగటిపూట నాన్నకు మనిషిని పెట్టే ఖర్చు ముగ్గురూ పంచుకునేలా చెల్లితో, తమ్ముడితో ముందే మాట్లాడుకోండి. 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టం కొడుకునీ కూతుర్నీ ఇద్దర్నీ బాధ్యుల్ని చేసింది. చెల్లి అత్తవారింట్లో హాయిగా ఉంటే, విడాకులు తీసుకున్న అక్క తీరిగ్గా ఉంది కదా అని బరువంతా మీ మీద పడేయడానికి ఆ చట్టంలో చోటు లేదు.

చెల్లి గురించి మీరు దాదాపు ఏమీ రాయలేదు. ఆమె పెళ్లి కోసమే మిమ్మల్ని గుమ్మంలో నిలబెట్టారు. ఆ సంగతి ఆమెకు తెలుసో లేదో నాకు తెలియదు, మీకూ తెలిసినట్టు లేదు. పొలం కాగితాలకు ఆమె సంతకం కూడా కావాలి కాబట్టి, అదే సాకుగా ఒకసారి నేరుగా ఫోన్ చేసి చూడండి. ఆ ఇంట్లో మీతో షరతుల్లేకుండా మాట్లాడే మనిషి ఆమే కావచ్చు, కాకపోనూవచ్చు.

పాపకు ఏం చెప్పాలని చివర్లో అడిగారు. ఎనిమిదో తరగతి పిల్లకు చాలావరకు అర్థమైపోయే ఉంటుంది. 'తాతయ్యకు బాగాలేదు, చూసి వస్తాను. మనకు అవసరమైనప్పుడు వాళ్లు తోడు రాలేదు, అందుకే ఇన్నాళ్లూ వెళ్లలేదు' అంటే చాలు, నిందలు వద్దు, పొగడ్తలు వద్దు. 'మరి ఇప్పుడు ఎందుకు వెళ్తున్నావు?' అని తప్పకుండా అడుగుతుంది. 'నాకు వెళ్లాలనిపించింది' అని చెప్పండి, అది నిజమైతేనే. లేకపోతే ఇంకా తేల్చుకోలేదని చెప్పినా ఆ వయసు పిల్లలు ఒప్పుకుంటారు. ఈ వారం అయితే ముందు సర్వే నంబర్ అడగండి.